ముందు అమ్మను అడిగారా?

ఇంటి గుట్టు రట్టవుతుందని బాధను దాచుకునే తల్లులు ఏ దేశంలోనైనా ఉంటారు. ఇంగ్లండులో 2014 నాటి సంరక్షణ చట్టం, 42వ సెక్షన్ ప్రకారం, సంరక్షణ అవసరమైన వయోజనులు హింసకు, నిర్లక్ష్యానికి లోనవుతూ తమను తాము కాపాడుకోలేకున్నారని అనుమానం కలిగితే స్థానిక పాలనా సంస్థ విచారణ జరిపి తీరాలి. విచారణ మేలుకే. అయినా తనను అడగకుండా తన గురించి ఇతరులే నిర్ణయిస్తుంటే ఆ వృద్ధురాలికి అది మరో గాయం. హింస ఆగాలని ఆమె కోరుతుంది. కన్నకొడుకు దూరం కావాలని కోరకపోవచ్చు. అందుకే ఆమె అభిమతాన్ని తెలుసుకోవాలని అక్కడి మార్గదర్శకాలు చెబుతున్నాయి. చెప్పుకోలేని స్థితిలో ఉండి, అండగా తగినవారు లేకుంటే స్వతంత్ర సహాయకుని నియమించాలి.

సోదరులారా! తల్లిదండ్రుల ఎదుట విసుగు మాటను సైతం దివ్య ఖుర్ఆన్ వారించింది. మరి అమ్మ ఎవరి వద్ద ఉండాలో అన్నదమ్ములు కూర్చుని తేల్చేటప్పుడు, అమ్మను ఎక్కడ కూర్చోబెడుతున్నాం?