నవ్వేది మనం, దెబ్బలు తినేది వాళ్లు

మొన్న రాత్రి అన్నాల దగ్గర, ఇంటర్ చదివే మా వాడు వాళ్ల క్లాసులో ఒక పిల్లాడి నడకను అనుకరించి చూపించాడు. "వాడొక తేడాగాడమ్మా" అన్నాడు. నేను నవ్వాను. రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ నవ్వాను. తర్వాత అడిగితే తెలిసింది, ఆ పిల్లాడు కాలేజీ బస్సు ఎక్కడం మానేశాడట. వెనక సీట్లవాళ్లు గిల్లుతారట, జుట్టు పట్టి లాగుతారట. మిరపకోతల రోజుల్లో పని వదులుకుని వాళ్ల నాన్నే రోజూ బండి మీద దింపుతున్నాడట.

మా వాడికి ఆ మాట ఎవరు నేర్పారు? మా ఇంట్లో టీవీయే. మగాడికి చీర కట్టించి, నడుము తిప్పించి, చివర్లో చెంపదెబ్బ కొట్టించే స్కిట్లు వస్తుంటే మనం నవ్వుతూ కూరగాయలు తరుక్కుంటాం. సినిమాలో అలాంటి మనిషి హీరో భుజం మీద చెయ్యేస్తాడు, హీరో తోసేస్తాడు, హాలంతా గొల్లుమంటుంది. చిన్నప్పటినుంచీ ఇది చూసినవాడికి ఏమర్థమవుతుంది? అలాంటివాళ్లని కొట్టినా ఎవరూ అడగరని.

"ఇవన్నీ చూపిస్తే పిల్లలు చెడిపోరా?" అంటారు. చూపిస్తూనే ఉన్నాం కదండీ! ఎగతాళికైతే పరవాలేదు, మనుషుల్లా చూపిస్తేనే అభ్యంతరం. 2023లో మలయాళంలో 'కాదల్ ద కోర్' వచ్చింది. మగవాళ్ల మీద ఇష్టం ఉన్న భర్తగా మమ్ముట్టి వేశాడు, విడాకులడిగే భార్యగా జ్యోతిక. పెళ్లి చేస్తే అదే సర్దుకుంటుందనుకునే పెద్దల మాట వల్ల ఇద్దరి బతుకులూ ఎండిపోతాయి. ఆడపిల్లల తల్లులు చూడాల్సిన సినిమా అది.

ఇక మన ఒంగోలు సంగతి. ఒక ట్రాన్స్ మహిళ భర్త మీద, అత్తమామల మీద కట్నం వేధింపుల కేసు పెట్టింది. ఆమెకు పిల్లల్ని కనే శక్తి లేదు కాబట్టి ఆమె ఆడదే కాదు, 498ఎ ఆమెకు వర్తించదని అవతలివాళ్లు వాదించారు. 2025 జూన్‌లో హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ వెంకట జ్యోతిర్మయి ప్రతాప ఆ వాదనను ఒప్పుకోలేదు. తగిన ఆధారాలు లేవని ఆ కేసు కొట్టేసినా, ట్రాన్స్ మహిళ మహిళేనని, ఆ సెక్షన్ కింద ఫిర్యాదు చేసే హక్కు ఆమెకుందని తేల్చారు.

అక్కచెల్లెళ్లూ, ఆ వాదన మళ్లీ ఒకసారి చదవండి. పిల్లల్ని కనలేదు కాబట్టి ఆడది కాదట! మనకిది కొత్తా? మా మేనత్తని ముప్పై ఏళ్లపాటు ఏ సీమంతానికీ పిలవని వాళ్లు అనుకున్నదీ ఇదే. ఇవాళ వాళ్లని కొట్టే కర్ర నిన్న మనల్ని కొట్టిందే.

కోర్టు హక్కుందంది, మరి రక్షణో? ఆడదాని మీద అత్యాచారానికి కనీసం పదేళ్ల జైలు. 2019లో చేసిన ట్రాన్స్‌జెండర్ చట్టంలో వాళ్ల మీద లైంగిక దాడికి రాసిన శిక్ష ఆరు నెలల నుంచి రెండేళ్లు. చట్టం కూడా వాళ్ల దెబ్బని చిన్నదిగానే తూచింది.

బీఏలో తిక్కన విరాటపర్వం చదువుకున్నాను. లోపల అర్జునుడున్నాడని తెలుసు కాబట్టి బృహన్నలకి మనం దణ్ణం పెడతాం. విరాటుడికి ఆ సంగతి తెలియదు. అయినా కూతురికి నాట్యం నేర్పమని ఇంట్లో చోటిచ్చాడు. మనకి మాత్రం గౌరవించాలంటే లోపల అర్జునుడే ఉండాలా?

ఆ పిల్లాడు రేపు ఏమవుతాడో నాకు తెలియదు, తెలుసుకోవాల్సిన పనీ లేదు. మా వాడికి మాత్రం చెప్పాను: "వెళ్లి క్షమాపణ అడుగు. వాడు బస్సెక్కిన రోజు వాడి పక్కన నువ్వు కూర్చో." మొహం ముడుచుకున్నాడు, "నన్నూ అలాగే అంటారమ్మా" అన్నాడు. అననీరా అన్నాను.

ఆ స్కిట్ వచ్చినప్పుడు ఇప్పుడు మా ఇంట్లో ఛానెల్ మారుతోంది. రిమోట్ మీ చేతిలోనూ ఉంది కదండీ.