కాలవ చివర ఏముంది?

పోయినేడాది మా టీం ఒక హ్యాకథాన్‌కి 'స్మార్ట్ డ్రైనేజ్' అనే ప్రాజెక్ట్ పట్టుకెళ్ళింది. సైడు కాలవలో ఒక అల్ట్రాసోనిక్ సెన్సర్, దానికి ఒక ఈఎస్పీ32 బోర్డు. నీళ్ళు అంచు దాకా వస్తే పంచాయతీ వాళ్ళ ఫోన్‌కి అలర్ట్ వెళ్తుంది. డెమో బ్రహ్మాండంగా వచ్చింది, అదీ ప్లాస్టిక్ టబ్బులో. జడ్జిల్లో ఒకాయన అంతా విని, "బాగుంది బాబూ, ఇంతకీ ఈ కాలవ ఎక్కడికి పోతుంది?" అని అడిగారు. ముగ్గురం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. ప్రైజ్ రాలేదు. అది వేరే సంగతి.

వేసవి సెలవుల్లో అమ్మమ్మ వాళ్ళ ఊరెళ్ళాను. నూజివీడుకి దగ్గరే, చుట్టూ మామిడి తోటలు. ఆ ప్రశ్న గుర్తొచ్చి ఒక సాయంత్రం ఇంటి ముందు కాలవ పట్టుకుని చివరిదాకా నడిచాను. ఇళ్ళు దాటింది, స్కూలు గోడ దాటింది, చెరువు దగ్గరికి వెళ్ళి అక్కడ ఆగిపోయింది. పైపు లేదు, గుంట లేదు, ఏమీ లేదు. సిమెంట్ అయిపోయింది కాబట్టి కాలవ అయిపోయింది, అంతే. అక్కడి నుంచి నల్లటి నీళ్ళు తుమ్మచెట్ల కింద పరుచుకుని చెరువులో కలుస్తున్నాయి. దోమల సంగతి చెప్పక్కర్లేదు.

రోడ్డుకి అవతల ఒక కొత్త తోటలో ట్రాక్టర్ ట్యాంకర్ ఆగి ఉంది. రెండేళ్ళ మామిడి మొక్కలకి పైపుతో నీళ్ళు పోస్తున్నారు. డబ్బిచ్చి కొన్న నీళ్ళు. ఇవతల ఊరంతా వాడిన నీళ్ళు పాడై చెరువుని కూడా పాడు చేస్తున్నాయి. మధ్యలో ఉన్నది ఒక్క రోడ్డు.

కోడింగ్ తప్ప ఇంకేమీ రాదనుకోకండి, గుణకారం కూడా వచ్చు. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ లెక్క ప్రకారం పల్లెల్లో మనిషికి రోజుకి 55 లీటర్లు ఇవ్వాలి. ఇంట్లోకి వచ్చిన నీళ్ళలో దాదాపు 80 శాతం మురుగుగా బయటికి వస్తుందని సివిల్ వాళ్ళ పుస్తకాల్లో ఉంటుంది. వెయ్యి మంది ఉన్న ఊరైతే రోజుకి 44,000 లీటర్లు. ట్యాంకర్‌కి 5,000 లీటర్లు అనుకుంటే దగ్గర దగ్గర తొమ్మిది ట్యాంకర్లు. ప్రతి రోజూ. కుళాయి ఇంటింటికీ తెచ్చాం, చాలా మంచి పని. వచ్చిన నీళ్ళు తర్వాత ఎక్కడికి పోతాయన్నది మాత్రం మా ప్రాజెక్ట్‌లాగే ఊరికి కూడా ఎవరూ ఆలోచించలేదు.

అమ్మమ్మకి ఇదంతా చెప్తే నవ్వింది. "మా రోజుల్లో మురుగు ఎక్కడుందిరా నాన్నా? స్నానాల గది నీళ్ళు అరటి పాదుకి, బియ్యం కడిగిన నీళ్ళు కుడితి గోలెంలోకి, అది గేదెకి. కాలవలోకి పోవడానికి ఏం మిగిలేది?" అంది. సిమెంట్ రోడ్డు వేసినప్పుడు పెరటి తూము మూసేసి ముందు కాలవలోకి పైపు కలిపారట. ఆ తర్వాత రెండేళ్ళకి అరటి చచ్చిపోయింది. మనం 'రిసోర్స్ రికవరీ' అని స్లైడ్‌లో పెద్దక్షరాలతో పెట్టేది మా అమ్మమ్మ పెరట్లో ఉండేది, పేరు లేకుండా.

పాతకాలం అంతా బంగారం అనట్లేదు. అప్పుడు చెంబు పట్టుకుని తోటల్లోకి వెళ్ళేవాళ్ళు, అది ఆడవాళ్ళకి ఎంత నరకమో కూడా అమ్మమ్మే చెప్పింది. ఇప్పుడు ఇంటింటికీ మరుగుదొడ్డి ఉంది. అది వెనక్కి పోకూడదు. కానీ దాని వెనకాల ఏముందో ఎవరూ చూడట్లేదు. మా ఇంట్లో నేను చూశాను. సెప్టిక్ ట్యాంక్ నుంచి వచ్చే పైపు నేరుగా ముందు కాలవలోకే ఉంది. పెట్టించింది మా మావయ్యే. వీధిలో సగం ఇళ్ళకి అంతే. సెప్టిక్ ట్యాంక్‌లో ఊరితే నీళ్ళు శుభ్రం అయిపోతాయని అందరి నమ్మకం. అవ్వవు, రోగక్రిములు అలాగే ఉంటాయి. అందుకే నా మొదటి మాట ఇది: రెండు నీళ్ళూ కలపకూడదు. స్నానం నీళ్ళు, బట్టల నీళ్ళు మొక్కలకి పనికొస్తాయి. అందులో ఇది కలిసిందంటే మొత్తం దేనికీ పనికిరాకుండా పోతుంది.

విడదీస్తే మిగతాది పెద్ద కష్టం కాదు, మన వైపు మరీను. కింద డెల్టాలో నల్ల బంకమట్టి, భూమిలో నీళ్ళు పైపైనే ఉంటాయి, అక్కడ ఇంకుడు గుంట తవ్వితే నీళ్ళు దిగవు. మనది మెట్ట, ఎర్రనేల. మీటరు లోతు, మీటరు వెడల్పు గుంట, బోరుకి దూరంగా. అడుగున పెద్ద రాళ్ళు, పైన చిన్నవి, ముందు చెత్త ఆగడానికి ఒక చిన్న తొట్టి. సెన్సర్ అక్కర్లేదు. పెరడు ఉంటే గుంట కూడా అక్కర్లేదు, అరటి పాదు చాలు.

మరుగుదొడ్డికి రెండు గుంతల పద్ధతి ఉంది. ఒకటి నిండాక మూసేసి రెండోది వాడాలి. మూసింది ఏడాది పైన వదిలేస్తే వాసన లేని ఎరువు అవుతుంది. 'ఛీ' అన్నారు కదా? నేనూ అన్నాను. 2017 ఫిబ్రవరిలో వరంగల్ దగ్గర గంగదేవిపల్లిలో కేంద్ర ప్రభుత్వ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్ స్వయంగా అలాంటి గుంతలోకి దిగి ఆ ఎరువు ఎత్తారు. వేరే రాష్ట్రాల అధికారులు కూడా ఆయనతో పాటు దిగారు. ఒక పెద్ద అధికారి దిగితే వార్త అయింది. ఇన్నేళ్ళుగా మామూలు సెప్టిక్ ట్యాంకుల్లోకి దిగి చచ్చిపోయిన వాళ్ళ పేర్లు ఎవరికి గుర్తున్నాయి? మనుషుల్ని అలా దించడం నేరమని 2013లో చట్టం వచ్చింది. అయినా చావులు ఆగలేదు. మనం 'ఛీ' అని మొహం తిప్పుకున్న ప్రతిసారీ ఆ పని ఇంకొకరి మీద పడుతుంది. ఎవరి మీదో మీకు తెలుసు.

డబ్బుల్లేవు అంటారు. 15వ ఆర్థిక సంఘం 2021-26కి పంచాయతీలకి ఇచ్చిన గ్రాంట్లలో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యం కోసమే అని కట్టేసింది. వాడిన నీటిని మళ్ళీ వాడుకోవడం కూడా అందులో ఉంది. కానీ సిమెంట్ కాలవ కనిపిస్తుంది, ఫోటో వస్తుంది. ఇంకుడు గుంట మట్టి కింద ఉంటుంది. శిలాఫలకం ఎక్కడ పెడతారు?

మా చెరువు వానాకాలంలో అలుగు పోస్తుంది. ఈ వైపు వాగుల నీళ్ళు రామిలేరు, తమ్మిలేరు, బుడమేరు పట్టుకుని చివరికి చేరేది కొల్లేరుకే. 2002లో రామ్‌సర్ చిత్తడి నేలగా గుర్తించిన కొల్లేరు. జడ్జిగారి ప్రశ్నకి జవాబు అది. చెప్పడానికి ఏడాది పట్టింది.

సెలవుల చివర్లో మావయ్యా, నేనూ స్నానాల గది పైపు మళ్ళీ పెరట్లోకి తిప్పాం. అమ్మమ్మ ఎవరింటి నుంచో రెండు అరటి పిలకలు తెచ్చి నాటింది. సెప్టిక్ పైపు మాత్రం ఇంకా కాలవలోనే ఉంది. "వీధిలో అందరూ తీస్తే నేనూ తీస్తా" అంటాడు మావయ్య. మరి గ్రామసభలో అడుగు మావయ్యా అంటే, "నువ్వే వచ్చి అడుగు, ఇంజనీరువి కదా" అన్నాడు.

గ్రామసభ అక్టోబర్ 2న. ఆ రోజు ఎలాగూ సెలవే. 3న మిడ్ ఎగ్జామ్ ఉంది, ఆపరేటింగ్ సిస్టమ్స్. పుస్తకం పట్టుకుని పొద్దున్నే బస్సెక్కుతాననే అనుకుంటున్నా.