లేని నిబంధనకు ఈల ఎందుకు?

ఎక్కడా రాయని నేరానికి శిక్ష వేసే న్యాయస్థానం ఉంటుందంటే ఎవరూ నమ్మరు గాని, మా ప్రాంతపు ఫుట్‌బాల్ మైదానాల్లో ఉంది. తెనాలి జంక్షన్‌లో దిగి రేపల్లె బండి ఎక్కినా, దిగకుండా బాపట్ల దాకా పోయినా, బడిపిల్లల పోటీల్లో నేను చూసింది ఒకటే. పక్కగీత దగ్గర ఒక పిల్లవాడు త్రో వేస్తాడు. వెంటనే ఈల: "బంతి తిరిగింది, ఫౌల్!" ఇంకొకడు వేస్తాడు. మళ్ళీ ఈల: "గీత తొక్కావు!" బంతి ఎదుటి జట్టు పాలు. రెండూ అన్యాయమే.

ఫుట్‌బాల్ నిబంధనావళిలో త్రో-ఇన్‌ది 15వ నిబంధన. అది కోరేది కొద్దే. విసిరేవాడు మైదానం వైపు తిరిగి నిలబడాలి. విసిరే క్షణాన రెండు పాదాల్లోనూ కొంతభాగమైనా గీత మీదో, గీతకు వెలుపలి నేల మీదో ఆని ఉండాలి. బంతి బయటికి పోయిన చోటినుంచే, రెండు చేతులతో, తల వెనకనుంచి తల మీదుగా విసరాలి. ప్రత్యర్థులు కనీసం 2 మీటర్ల దూరం పాటించాలి. బంతి గాలిలో తిరగరాదన్న మాట అందులో ఎంత వెతికినా దొరకదు. గీత తొక్కడం తప్పు కాదు సరికదా, స్పష్టంగా అనుమతించినదే. క్రికెట్‌లో బౌలరు పాదం గీత మీదనే పడితే నోబాల్. ఆ అలవాటే ఇక్కడికీ పాకిందని నా అనుమానం.

దీనివల్ల పోయేది ఒక్క బంతే అయితే ఇంత రాయనక్కరలేదు. త్రో-ఇన్‌నుంచి నేరుగా గోల్ చేయరాదు గాని, ఆ బంతిని అందుకునేవాడికి ఆఫ్‌సైడ్ లేదు. ఒకడు దగ్గరికి పరుగెత్తి రక్షకుణ్ణి తన వెంట లాక్కుపోతే, ఖాళీ అయిన చోటికి మరొకడు దూసుకుపోవచ్చు. ఈలకు జడిసిన పిల్లవాడికి ఇవేవీ తోచవు. బంతిని ఎలాగో వదిలించుకుంటాడు.

"పల్లెటూరి ఆటకు ఇంత రాద్ధాంతమా?" అనే పెద్దలున్నారు. 2008-09లో స్టోక్ సిటీ జట్టు రోరీ డెలాప్ విసిరే పొడవాటి త్రోలతోనే ఇంగ్లండులోని పెద్ద జట్లను హడలగొట్టింది. 2018లో లివర్‌పూల్ క్లబ్బు త్రో-ఇన్ నేర్పడానికే డెన్మార్క్‌కు చెందిన థామస్ గ్రోనెమార్క్‌ను నియమించుకుంది. కోట్లకు పడగలెత్తినవారు ఇంత శ్రద్ధగా నేర్చుకునే విద్యను మనం పిల్లలకు నేర్పకపోగా, వాళ్ళు సరిగా చేసినా తప్పంటున్నాం.

మా పిల్లలకు దక్కే ఆటలే తక్కువ. అకారణంగా రెండుసార్లు ఈల వేయించుకున్నవాడు మూడోసారి బంతి తీసుకోడు, పక్కవాడి చేతికిచ్చి తప్పుకుంటాడు. పోయింది త్రో కాదు, వాడి ధైర్యం. దాన్ని తిరిగి ఇప్పించే నిబంధన ఏ పుస్తకంలోనూ లేదు.

నిబంధనావళి అంతర్జాలంలో ఉచితంగా దొరుకుతుంది. 15వ నిబంధన చదవడానికి పది నిమిషాలు పట్టదు. అయ్యా, ఈల మెడలో వేసుకునే ముందు ఆ పది నిమిషాలు వెచ్చించండి.