దువా మా వంతు, ఆనకట్ట మీ వంతు

శుక్రవారం మధ్యాహ్నం మా లాల్‌దర్వాజ గల్లీలో పక్కింటి ఖాలా చేసే పని నాకు ఊహ తెలిసినప్పటి నుంచి మారలేదు. నమాజుకు బయల్దేరే మగపిల్లల్ని గడప దగ్గర ఆపుతుంది. కళ్ళు మూసుకొని ఆయతుల్ కుర్సీ పెదవుల మధ్యే చదువుకొని, నెత్తి మీద నుంచి రొమ్ము దాకా మెల్లగా ఊదుతుంది. దాన్ని దమ్ చేయడం అంటారు. ఎవరైనా దూరం పోతుంటే ఒక రూపాయి బిళ్ళను పచ్చగుడ్డలో చుట్టి కుడి జబ్బకు కడుతుంది. అది ఇమామ్ జామిన్. క్షేమంగా చేరినంక ఆ బిళ్ళ విప్పి బీదవాళ్ళకు ఇచ్చేయాలి. గోడకు ఇవతల మా అమ్మ ఉప్పూ ఎండుమిరపకాయలూ పిడికిట్లో పట్టి నా చుట్టూ మూడుసార్లు తిప్పి పొయ్యిలో వేసేది. కోరు రాకపోతే "ఎంత దిష్టి తగిలిందో సూడు" అనేది. ఆషాఢంలో సింహవాహిని మహంకాళికి బోనమెత్తినప్పుడు ఆమె మొక్కిందీ, గోడకు అవతల ఖాలా అడిగిందీ ఒక్కటే. ఎదురుగా వచ్చే పగవాడి నుంచి కాపాడు తల్లీ, చాటున గోతులు తవ్వేవాడి నుంచి కాపాడు.

ఈ మొక్కును చూసి నవ్వేవాళ్ళు నాకు తెలుసు. వాళ్ళ మీద నాకు కోపం లేదు. బిడ్డ ఇల్లు దాటాక వాడికి ఏమవుతుందో తల్లి చేతిలో లేదు కాబట్టే ఆమె ఊదుతుంది. నా కోపమంతా ఆ ఊదే ఊపిరి చాటున దాక్కున్నవాళ్ళ మీద. ప్రజలు దేవుణ్ణి అడిగేసరికి తమ బాధ్యత తీరిపోయిందనుకొనే పాలకుల మీద. బాంబు పేలిన చోటికి వచ్చి, చెప్పులు విడిచి, తలవంచి, "పైవాడే న్యాయం చేస్తాడు" అని వెళ్ళిపోయే పెద్దమనుషుల మీద. పైవాడికి ఓటు ఎవరూ వేయలేదయ్యా. నీకు వేశారు.

మా హైదరాబాదు దేవుణ్ణి ప్రార్థించడం తెలిసిన నగరం. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగింది. అఫ్జల్‌గంజ్ మునిగింది, వేలమంది కొట్టుకుపోయారు. ఆసుపత్రి తోటలోని చింతచెట్టెక్కి దాదాపు 150 మంది బతికారు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో తరాల తరబడి నిలిచింది. అప్పుడు ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ నది ఒడ్డుకు వచ్చి, హిందువుల పద్ధతిలో పసుపు కుంకుమలు, పట్టుచీర సమర్పించి శాంతించమని మూసీని వేడుకున్నాడని పాతబస్తీ పెద్దలు ఇప్పటికీ చెప్పుకుంటారు. ముసల్మాను ప్రభువు గంగమ్మకు మొక్కడం చెప్పుకోవలసిందే. కానీ కథను అక్కడే ఆపేసేవాళ్ళు సగమే చెబుతున్నారు. మరుసటి ఏడాది మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఆయన కొలతలు తీయించి, నీళ్ళను ఊరికి ఎగువనే పట్టి ఆపాలని చెప్పారు. 1920 నాటికి ఉస్మాన్‌సాగర్, 1927 నాటికి హిమాయత్‌సాగర్ లేచాయి. చీర సమర్పించిన ప్రభుత్వమే ఆనకట్టలూ కట్టింది. మొక్కు తీర్చుకున్నాం గనుక ఇక రాళ్ళూ సున్నం అక్కర్లేదని ఎవరూ అనలేదు.

ఇప్పుడు 2007కు రండి. మే 18, శుక్రవారం, మధ్యాహ్నం ఒంటిగంటన్నర కావస్తోంది. మక్కామసీదు నిండి ఉంది. అక్కడి హౌజు, అంటే నీటి కొలను, పక్కన రాతి బల్ల ఉంటుంది, దాని మీద ఒకసారి కూర్చున్నవాడు మళ్ళీ హైదరాబాదుకు రాక తప్పదని మా ఊరి నమ్మకం. వజూ చేసుకొనే ఆ చోటి దగ్గరే, సెల్‌ఫోనుతో పేల్చిన బాంబుకు తొమ్మిది మంది చనిపోయారు. పేలకుండా మిగిలిన బాంబు కూడా దొరికింది. అదీ పేలి ఉంటే? ఖాలా రెండో కొడుకు ఆ రోజు ఒక కాలికే చెప్పుతో ఇంటికొచ్చాడు. రెండో చెప్పు ఎక్కడని అమ్మ అడగలేదు. ఆమె వాడి చేతులూ చెవులూ తడుముతూ, వాడి చొక్కా మీది నెత్తురు వాడిది కాదని తేల్చుకొనే దాకా మాట్లాడలేదు.

చాటున జరిగిన కుట్ర అది. ఇక బాహాటంగా జరిగింది వినండి. మసీదు బయట జనం తిరగబడ్డారు. రాళ్ళు పడ్డాయి, కాదనను. పోలీసులు తుపాకులు పేల్చారు. మరో ఐదుగురు పోయారు. తొమ్మిది మంది శవాలను ఇంకా ఇళ్ళకు చేర్చలేదు, అప్పుడే ఐదు కొత్త శవాలు! కాల్పుల మీద జస్టిస్ భాస్కరరావు కమిషన్ వేశారు. కమిషన్ వేయడం మనకు బాగా వచ్చు. ఆ ఐదుగురి ప్రాణాలకు బదులు చెప్పిన అధికారి ఒక్కడిని నాకు చూపించండి.

అంతటితో ఆగారా? బాంబు మసీదులో పేలింది, చచ్చింది నమాజు చేసేవాళ్ళు. పట్టుకుపోయింది కూడా నమాజు చేసేవాళ్ళనే. పాతబస్తీ కుర్రవాళ్ళను డజన్ల కొద్దీ ఎత్తుకుపోయారు. ఊరి బయట ఫాంహౌసుల్లో పెట్టి కొట్టారని, కరెంటు షాకులు ఇచ్చారని వాళ్ళు చెప్పారు. రాష్ట్ర మైనారిటీస్ కమిషన్ పంపిన న్యాయవాది రవిచందర్ జైలుకెళ్ళి వాళ్ళ ఒళ్ళు చూసి, హింసించిన గుర్తులున్నాయని నివేదిక రాశారు. తర్వాత కోర్టులు వాళ్ళను వదిలేశాయి. ప్రభుత్వం కొందరికి మూడేసి లక్షలు ఇచ్చింది, నిర్దోషులని కాగితమూ రాసిచ్చింది. 2013లో హైకోర్టు ఆ పరిహారం చెల్లదంది. కొడుకు కోసం జైలు గోడ బయట తస్బీహు తిప్పిన తల్లి ఏ పగవాడి నుంచి రక్షణ అడగాలి? బాంబు పెట్టినవాడి నుంచా, బాంబు పేరు చెప్పి తలుపు తట్టినవాడి నుంచా?

దర్యాప్తు సీబీఐకి వెళ్ళింది, ఆ తర్వాత 2011లో ఎన్‌ఐఏకి. కథ పూర్తిగా తిరగబడింది. 2010 నవంబరులో హిందూ సన్యాసి స్వామి అసీమానంద్‌ను అరెస్టు చేశారు, ఆయన డిసెంబరులో మేజిస్ట్రేటు ముందు నేరం ఒప్పుకుంటూ వాంగ్మూలం ఇచ్చారు. చంచల్‌గూడ జైల్లో ఇదే కేసు పేరుతో నలిగిన ఒక ముస్లిం కుర్రవాడు తనకు సేవ చేశాడని, అది చూసి మనసు కరిగిందని అందులో ఉంది. తర్వాత ఆయన ఆ వాంగ్మూలాన్ని వెనక్కి తీసుకున్నారు. 226 మంది సాక్షులు బోనెక్కారు, వాళ్ళలో 60 మందికి పైగా అడ్డం తిరిగారు. 2018 ఏప్రిల్ 16న నాంపల్లిలోని ప్రత్యేక కోర్టు అసీమానంద్ సహా ఐదుగురు నిందితులనూ నిర్దోషులని విడిచిపెట్టింది. తీర్పు చెప్పిన కొన్ని గంటలకే జడ్జి రాజీనామా పంపారు.

ఆ ఐదుగురే చేశారని నేను అనడం లేదు. నేరం రుజువు కాలేదంది కోర్టు, ఆ మాటను నేను మన్నిస్తాను. రుజువు లేకుండా మనిషిని నేరస్థుడనడం ఎంత పాపమో పాతబస్తీకి చెప్పాల్సిన పని లేదు, ఆ పాపం ఫలితం మా గల్లీల్లో కాళ్ళీడుస్తూ నడుస్తోంది. నేనడిగేది వేరు. మొదట పట్టినవాళ్ళు నిర్దోషులు. తర్వాత పట్టినవాళ్ళూ నిర్దోషులు. మరి తొమ్మిది మందిని చంపిందెవరు? నాలుగు వందల ఏళ్ళ నాటి రాతి మసీదు తన కడుపులో తానే బాంబు పెట్టుకుందా?

చేతకాక కాదు, మన ప్రభుత్వాలకు చేతనవును. మక్కామసీదు పేలిన మూడు నెలలకు, ఆగస్టు 25న, ఇదే ఊళ్ళో లుంబినీ పార్కులో, గోకుల్ చాట్ దగ్గర బాంబులు పేలి 40 మందికి పైగా చనిపోయారు. 2018 సెప్టెంబరులో ఆ కేసులో ఇద్దరికి ఉరి, ఒకరికి యావజ్జీవం పడ్డాయి. 2013 దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్ళ కేసులో ఐదుగురికి నాలుగేళ్ళు తిరగకముందే ఉరిశిక్ష వేశారు. ఆ మృతుల ఇళ్ళలో కొంతైనా బరువు దిగింది, దిగాలి కూడా. గోకుల్ చాట్‌లో చచ్చినవాడూ నా ఊరివాడే. కానీ ఒకే ఊరు, ఒకే ఏడాది, ఒకే రకం చావు. ఒకచోట దర్యాప్తు కొసదాకా నడిచింది, ఇంకోచోట సాక్షుల నాలుకలు వరసగా మడతపడ్డాయి. ఎందుకు? ఈ ప్రశ్నకు జవాబు చెప్పకుండా నా ముందు శాంతి గురించి, సామరస్యం గురించి ప్రసంగించకండి. అన్ని రంగుల జెండాలకూ చెబుతున్నాను. పట్టుకుపోయినప్పుడు ఒక పార్టీ గద్దె మీద ఉంది, విడిచిపెట్టినప్పుడు మరో పార్టీ ఉంది.

కుట్ర ఎక్కడి నుంచి వస్తుందో ఈ నేలకు తెలుసు. హరిబౌలిలో అక్కన్న మాదన్నల గుడి ఉంది. బోనాల నాడు ఆ గుడి ఘటం ఏనుగెక్కి ఊరేగుతుంటే చిన్నప్పుడు తండ్రుల భుజాలెక్కి చూసినవాళ్ళం మేం. గోల్కొండ సుల్తాను తానీషా మంత్రులైన ఆ అన్నదమ్ములను 1686లో గోల్కొండలోనే నరికి చంపారు. ఔరంగజేబు బయటి శత్రువు, అందరికీ కనబడేవాడు. వాళ్ళ ప్రాణం తీసింది మాత్రం కోటలోపల అల్లిన పన్నాగం. మరుసటి ఏడాది ఎనిమిది నెలల ముట్టడికీ లొంగని కోటకు రాత్రివేళ తలుపు తీసింది సొంత సర్దారు అబ్దుల్లాఖాన్ పనీ. తుపాకీ పట్టి ఎదురుగా నిలబడ్డవాడికి అడ్డుగా మనం గోడ కట్టగలం. గడియ తీసే లోపలి చేతిని ఎవరు పట్టుకోవాలి? 60 మందికి పైగా సాక్షులు మాట మార్చిన కేసును చూస్తే నాకు ఆ రాత్రి తెరుచుకున్న తలుపే గుర్తొస్తుంది. ఆ గడియకు కాపలా ఉండాల్సింది సర్కారు. దేవుడి నెత్తిన వేయకండి.

ఇప్పుడు మసీదు గుమ్మం దగ్గర మెటల్ డిటెక్టరు పెట్టారు. మే 18 వచ్చిందంటే చార్మినారు చుట్టూ బందోబస్తు దిగుతుంది. ఇదేనా మీ ఆనకట్ట? మాకు కావలసింది ఇంకో ఇనుప చట్రం కాదు. ఆ కేసును మొదటి నుంచి తిరగతోడండి. అడ్డం తిరిగిన సాక్షులు ఎందుకు తిరిగారో విచారించండి. కుర్రవాళ్ళ ఒంటి మీద కరెంటు తీగలు పెట్టినవాళ్ళ పేర్లు చెప్పండి.

2018లో తీర్పు వచ్చిన రోజు సాయంత్రం నేనే వెళ్ళి ఖాలాకు చెప్పాను. ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. చేట మీద నుంచి చెయ్యి తీయకుండా విన్నది. అందరినీ విడిచిపెట్టారు ఖాలా, అన్నాను.

"మరి పెట్టినోళ్ళెవరు బేటా?" అంది.

నేను నోరు విప్పలేదు. అంతలో మగ్రిబ్ అజాన్ వినబడింది. ఆమె చేట పక్కన పెట్టి, కొంగు తలమీదికి లాక్కొని, వజూకు లేచింది.