గాలి, స్ప్రింగు, కనుమ

కాలిఫోర్నియా రాష్ట్రమున బేకర్స్‌ఫీల్డు పట్టణములో, మా మేనల్లుని యింట, నెల దినములుగా నుంటిని. భోజనపు బల్లమీద ఉప్పుగిన్నెకును ఆవకాయ జాడీకిని నడుమ ఒక పుస్తకము ఎల్లప్పుడు తెఱచియే యుండును. అది భారీ వాహనములు నడుపదలచినవారికై ప్రభుత్వము ముద్రించిన చేపుస్తకము. అందు ఎయిర్ బ్రేకులను గూర్చిన యధ్యాయము పసుపు మఱకలు పడి, మూలలు మడతలువడి, పెండ్లిపందిరిలో వంటవాని చేతి సరకుల చీటివలె నున్నది. మావాడు పగలెల్ల ఒక గిడ్డంగిలో పనిచేసి వచ్చి, రాత్రి భోజనము ముగిసిన పిదప, "మీరు అడగండి మామయ్యా, నేను చెప్తాను" అని నా యెదుట కూర్చుండును. లారీవిద్యలో నాకు గల పాండిత్యమెల్ల చిన్ననాట ధాన్యపు బస్తాలపై కూర్చుండి పోయిన ప్రయాణములకు మించినది కాదు. అయినను పరీక్షకునకు పాండిత్యముతో పనియేమి, ప్రశ్నలు చేతనున్న చాలును గదా!

ఈ దేశమున ఒకప్పుడు కారు నడుపుటకు అనుమతి గలవాడు, పెక్కు రాష్ట్రములలో, ఆ కాగితముతోడనే పదునెనిమిది చక్రముల బండిని సైతము నడుపవచ్చునట! 1986 లో చేసిన చట్టముతో ఆ స్వేచ్ఛకు కాలము చెల్లి, 1992 ఏప్రిలు నుండి భారీ వాహనచోదకులకు వేఱు లైసెన్సు తప్పనిసరి యయ్యెను. ఎయిర్ బ్రేకుల పరీక్ష అందొక భాగము. వ్రాతపరీక్షలో సాధారణముగా 25 ప్రశ్నలుండును. 20 సరిగా చెప్పినవాడు ఉత్తీర్ణుడు. తప్పినవానికి లైసెన్సు బొత్తిగా రాకపోదు గాని, ఎయిర్ బ్రేకులున్న బండి నడుపరాదని దానిపై నొక యక్షరము పడును. పెద్ద లారీలన్నియు ఎయిర్ బ్రేకులవే కనుక, అట్టి లైసెన్సు బియ్యము లేని యన్నదానము వంటిది.

మొదటి రాత్రి నేనడిగినది, గాలి యంతయు పోయినచో బండి యేమగునని. "బ్రేకులుండవు కదా, పోతూనే ఉంటుంది" అని వాడు తడుముకొనక చెప్పెను. నేనును అట్లే తలచియుంటిని. పుస్తకము దీనికి విరుద్ధముగా పలుకుచున్నది. నిలిపిన బండిని పట్టియుంచునది గాలి కాదు, బ్రేకు చాంబర్లలో నణగియున్న బలమైన స్ప్రింగు; గాలి చేయు పని ఆ స్ప్రింగును అదిమిపట్టి బండికి కదలుట కనుమతి యిచ్చుట. పీడనము చదరపు అంగుళమునకు 45, 20 పౌన్ల నడుమకు దిగజాఱినచో ఆ స్ప్రింగు తనంతట విప్పుకొని చక్రమును బిగించును. ఈ యూహకు మూలపురుషుడు జార్జి వెస్టింగ్‌హౌసు. ఇరువదిరెండేండ్ల ప్రాయమున, 1869 లో, రైళ్ళకు గాలి బ్రేకు పేటెంటు పొందిన యాతడు, తన తొలి యంత్రమున గొట్టము తెగెనేని రైలుకు బ్రేకే లేకపోవునని గ్రహించి, 1872 నాటికి దానిని తలక్రిందులు చేసెను. గొట్టమున గాలి యున్నంతవఱకు బ్రేకు వదలియుండును, గాలి పోయిన పట్టుకొనును. లారీలో స్ప్రింగు చేయు పనిని రైలులో ప్రతి పెట్టెక్రింద నిలువయున్న గాలి చేయును; ఊహ మాత్రము ఒక్కటే. చెడుటయే కావలి కాయునట్లు యంత్రమును కూర్చిన ఆ బుద్ధికి నేను చాలసేపు మనస్సులో నమస్కరించుచు కూర్చుంటిని. మేనల్లుడు ఆవులించుచుండెను.

రెండవ వారము అంకెల పాలయ్యెను. కంప్రెసరు గాలిని నింపుచు 125 పౌన్ల దరిదాపున నాగును. 100 కు దిగినప్పుడు మరల మొదలిడును. అది పాడై ఆగకున్నచో 150 వద్ద రక్షణ వాల్వు తెఱచుకొనును. ఇంజను ఆపి, పెడలును త్రొక్కిపట్టిన యొక్క నిమిషములో, ఒంటి బండికి 3 పౌన్లు, ట్రెయిలరు తగిలించినదానికి 4 పౌన్లు మించి గాలి పోరాదు. పిమ్మట పెడలును మాటిమాటికి త్రొక్కి వదలుచు గాలిని కావలెననియే పోగొట్టవలయును. 60 పౌన్ల దరిదాపున దీపము వెలిగి బజరు మ్రోగవలెను. ఇంకను పోగొట్టినచో పసుపుపచ్చని మీట టప్పున వెలికి దుమికి, స్ప్రింగులు పట్టుకొన్నట్లు తెలుపవలెను. ఇదియంతయు తరువాతి పరీక్షలో, అధికారి ప్రక్కన నుండగా, చేయుచున్న ప్రతి పనిని ఆంగ్లమున పైకి చెప్పుచు చేయవలసియుండును. మావాడు తెలుగున తలచి, ఆంగ్లమున పలుకుచు, నడుమ నొక యంకెను జాఱవిడుచును.

ప్రశ్నలను జవాబులను వరుసగా గ్రుచ్చిన ప్రతులు ఇచ్చటను చేతులు మాఱుచుండును; వానిని వల్లించి 25 కు 25 తెచ్చుకొనువారును కలరు. మావాని చేతికిని ఒక ప్రతి వచ్చెను గాని, నేను దానిని మూయించితిని. మూడు పౌన్లు అను జవాబు వెనుక, బండిక్రింద నెచటనో రబ్బరు గొట్టము చిట్లి బుసకొట్టుచున్న చప్పుడు వినబడనివానికి, ఆ మూడు ఎవరిదో ఫోను నంబరులోని మూడు వంటిదే.

ఇంకొక మాట. గాలికి నడక కలదు. పెడలు త్రొక్కిన క్షణమునకును చక్రము పట్టుకొనిన క్షణమునకును నడుమ సుమారు అరసెకను గడచును. గంటకు 55 మైళ్ళ వేగమున ఆలోపల బండి సుమారు 40 అడుగులు పోవును. మా తాతగారి పెంకుటింట వీధి యరుగు నుండి పెరటి తలుపునకు గల దూరమది.

నా మనస్సు చిక్కుకొన్నది మాత్రము దిగుడు త్రోవను గూర్చిన పుటలలో. బేకర్స్‌ఫీల్డునకు దక్షిణమున, లాస్ ఏంజిలిసునకు పోవు అయిదవ నంబరు రహదారిమీద, గ్రేప్‌వైను అని పిలువబడు దిగుడు కలదు. నాలుగువేల అడుగులకు పైబడిన టెహోన్ కనుమ నుండి బండ్లు అచ్చట లోయలోనికి దిగును. ఒక యాదివారము మేనల్లుడు నన్నటు తీసికొనిపోయి, రోడ్డు ప్రక్కన కంకర పోసియుంచిన తప్పింపు దారిని చూపెను. బ్రేకులు పట్టని లారీ అందులోనికి దూరినచో చక్రములు కంకరలో కూరుకొని నిలుచును.

బ్రేకును విడువక త్రొక్కుచు దిగినచో రాపిడికి డ్రమ్ము కాలి, వ్యాకోచించి, లోపలి బ్రేకు షూలకు ఎడమగును. షూ దానినంటుటకు మునుపటికంటె ఎక్కువ దూరము జరుగవలయును. షూ జరుగు దూరమును సరిదిద్దు స్లాక్ అడ్జస్టర్లను సరిచూచుకొననిచో ఆ దూరమందక, ఎంత త్రొక్కినను బండి యాగదు. అప్పటికి ట్యాంకులలో గాలి నిండుగనే యుండవచ్చును, బజరు మ్రోగకపోవచ్చును. స్ప్రింగును నమ్ముకొందమన్నను, అదియును ఆ షూనే ఆ కాలిన డ్రమ్ముమీదికి నెట్టవలయును గదా! వెస్టింగ్‌హౌసు గాలి పోవుటకు విరుగుడు కనిపెట్టెను. వేడికి విరుగుడు కొండ కొమ్మున, దిగుటకు ముందు, చోదకుని చేతిలోని గేరుకఱ్ఱయే. దిగుడు మొదలుకాకమున్నే తక్కువ గేరు వేసి, బండి బరువును ఇంజనుచేత పట్టించి, తగిన వేగము 40 మైళ్ళనుకొన్నచోట 40 చేరగానే త్రొక్కి 35 కు దింపి, పూర్తిగా వదలి, మరల 40 చేరువఱకు ఆగవలయునని పుస్తకము. చిన్ననాట శ్రీశైలము ఘాటురోడ్డున మా లారీ డ్రైవరు, బండి నాపి, బీడీ కాల్చుకొని, టైర్లను అరచేతితో తడవి చూచి, "ఎక్కిన గేర్లోనే దిగాలి బాబూ" అని చెప్పిన మాట నాకు జ్ఞాపకమున్నది; క్లీనరు చక్రముక్రింద పెట్టుటకు కొయ్యదిమ్మెను చేతబట్టుకొని సిద్ధముగా నుండెను. ఆ డ్రైవరు మాటయే పుస్తకమునను కనబడి నేను తెల్లబోతిని. పాతబండ్లకు అది చాలుననియు, ఇప్పటి బండ్లకు ఎక్కిన గేరుకంటెను తక్కువది కావలసిరావచ్చుననియు అందు కలదు.

2019 ఏప్రిలు 25 న కొలరాడో రాష్ట్రమున, కొండలనుండి డెన్వరు వైపు దిగు 70 వ నంబరు రహదారిమీద, కలప మోయుచున్న యొక లారీ, బ్రేకులు పట్టక, తప్పింపు దారిని సైతము దాటిపోయి, లేక్‌వుడ్ దగ్గర కదలక నిలిచియున్న వాహనములమీదికి దూసికొనిపోయెను. నలుగురు మరణించిరి. చోదకునకు 23 ఏండ్లు. 2021 డిసెంబరులో న్యాయస్థానము అతనికి 110 ఏండ్ల కారాగారము విధింపగా, లక్షలాది జనులు అర్జీలు పెట్టుకొనిరి. నెల ముగియకముందే గవర్నరు దానిని 10 ఏండ్లకు తగ్గించెను. నేను చదివిన వ్రాతలలో శిక్షను గూర్చిన వాదము మెండు. కొండ దిగుటకు ముందటి అయిదు నిమిషములను గూర్చి మాటలాడినవారు కొలది. ఆ దుర్ఘటనకు మునుపే రూపొందిన నియమము ననుసరించి, 2022 ఫిబ్రవరి 7 నుండి, గుర్తింపుగల చోట శిక్షణ పొందనివానిని బండి నడుపు పరీక్షకు రానీయరు. మంచిదే.

మనదేశమున భారీ వాహనచోదకునకు ఎనిమిదవ తరగతి చదువుండవలెనను నిబంధనను 2019 లో తొలగించిరి. నేను దానిని తప్పుపట్టను. బడి మొగము చూడని ఆ శ్రీశైలపు డ్రైవరునకు పుస్తకము వ్రాసినవానికి తెలిసినది తెలియును. కాని తెలిసినదో లేదో అడిగి చూచుకొనుట యవసరము. మన రవాణా కార్యాలయములలో పరీక్షించు అధికారులకు నా మనవి యొకటి: బండిని ముందుకు వెనుకకు నడిపించి చూచుటతో సరిపెట్టక, ఇంజను ఆపించి, "గాలి పోతే ఏమవుతుంది? ఘాటు ఎట్లా దిగుతావు?" అని తెలుగున, నోటితోనే, అడుగుడు. పది నిమిషముల పని.

మావాని పరీక్ష వచ్చు మంగళవారము. ఇరువదియైదింట అయిదు తప్పవచ్చునని నియమము గదా, ఏ యయిదు తప్పినను నాకభ్యంతరము లేదు. కనుమ ప్రశ్న మాత్రము అందుండరాదని వానితో చెప్పితిని.

— పాంథుడు