ఉర్దూ దిగిన కుర్చీలో ఎవరు కూర్చున్నారు?

మేం విస్సన్నపేట ముస్లింలం. ఇంట్లో ఉర్దూ, గడప దాటితే తెలుగు. మామిడితోట గుత్తకు మాట్లాడుకునేదీ, చిన్న రసాల ధర తెగ్గొట్టుకునేదీ తెలుగులోనే. అయినా ఊరి పెద్దమనుషులు మెచ్చుకోలుగా అడుగుతారు: ‘సాయిబులై ఉండి తెలుగు ఇంత చక్కగా ఎట్లా మాట్లాడతారయ్యా?’ హైదరాబాద్ పోతే మావాళ్లే నవ్వుతారు: ‘ఇదేం ఉర్దూ మియా?’ ఆ మెచ్చుకోలూ ఈ ఎగతాళీ చెప్పేది ఒకటే. మాకు ఏ భాషా సొంతం కాదని.

బి.ఏ.లో తెలుగు సాహిత్యం తీసుకుంటామంటే ‘మీకెందుకది?’ అన్నారు. ఉర్దూ పేరెత్తితే నిజాంను తెచ్చి మా ముఖాన కొట్టారు. మా ప్రాంతం ఉన్న ఉత్తర సర్కారులు 1766 ఒప్పందంతోనే నిజాం నుంచి కంపెనీ చేతికి పోయాయి. ఉస్మానియా విశ్వవిద్యాలయం స్థాపించింది 1918లో. ఆ దొరతనంతో మాకేం సంబంధం? అయినా మా అమ్మలు మాట్లాడే భాషకు నిజాం ముద్రే.

సరే, ఉస్మానియా సంగతే మాట్లాడుకుందాం. చరిత్ర మొదలు సైన్సు దాకా అక్కడ ఉర్దూలో చెప్పారు. పుస్తకాల కోసం 1917లోనే అనువాద సంస్థ పెట్టారు. దేశభాషలు పెద్ద చదువుకు పనికిరావన్న తెల్లవాడి మాటను అబద్ధం చేసిన పని అది. తెలుగు, మరాఠీ, కన్నడం మాట్లాడే జనం పిల్లల నెత్తిన పాలకుడి భాషను రుద్దిన పని కూడా అదే. రెండోది దాచి మొదటిది చెబితే మేం అబద్ధాలకోరులం. మొదటిది దాచి రెండోదే చెబితే మీరు.

1948 పోలీసు చర్య తర్వాత ఉర్దూ మాధ్యమం పోయింది. అది జనభాష కాదు కనుక తీసేశామన్నారు. మంచిది. మరి 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కాలేజీ రాతి భవనంలో, ఉర్దూ దిగిన కుర్చీలో ఎవరు కూర్చున్నారు? తెలుగా? కాదు, ఇంగ్లీషు. అది ఏ ఊరి జనభాష? ఉర్దూ, తెలుగు చెరో శాఖలో సర్దుకున్నాయి. ఇద్దరం ఓడాం. కానీ మీకు చూపించిన శత్రువులం మేమే.

‘మీ భాష మానండి, ఈ దేశపు భాష నేర్చుకోండి’ అని మాకు హితవు చెబుతారు. ఉర్దూ ఏ దేశంలో పుట్టిందో చెప్పరు. నేర్చుకున్నవాడికి ఏం జరిగిందో 2019లో చూశాం. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో ఫిరోజ్ ఖాన్ అనే సంస్కృత పండితుణ్ణి సంస్కృత విద్యా ధర్మ విజ్ఞాన విభాగంలో నియమించారు. ముస్లిం మాకు పాఠం చెప్పడమేమిటని విద్యార్థులు కొందరు ధర్నాకు కూర్చున్నారు. ఆయన అక్కడ రాజీనామా చేసి, ఆర్ట్స్ విభాగంలోని సంస్కృత శాఖలో చేరవలసి వచ్చింది. అంటే భాషను కాదు, పేరును చూస్తున్నారు.

ఆర్ట్స్ విభాగం పని ఈ పేర్ల జబ్బును మాన్పడం. మాకు జాలి వద్దు, పండగనాటి సెమినార్లూ వద్దు. తెలుగు శాఖ మా ఇళ్ల తెలుగును పాఠంగా చెప్పాలి. ఉర్దూ శాఖ కోస్తా ఊళ్ల ఉర్దూను తప్పుల చిట్టాగా కాక భాషగా వినాలి. ఈ రెండూ ఎట్లా ఓడాయో చరిత్ర శాఖ చెప్పాలి.

అప్పటిదాకా ‘తెలుగు ఇంత చక్కగా ఎట్లా మాట్లాడతారయ్యా’ అని మెచ్చుకోకండి. మా భాష మేం మాట్లాడితే మాకు కితాబెందుకు?