చుక్కలు ఇస్తారు, ప్రెషర్ చూడరా?

జిల్లా ప్రభుత్వ ఆసుపత్రి సూపరింటెండెంట్ గారికి,

కంటి ఓపీ తలుపుకి కొత్తగా అంటించిన నోటీసు చూసి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఇకమీదట కంటి ప్రెషర్ బుధవారాలే చూస్తారట, అదీ 40 దాటినవాళ్లకే. మిగతావాళ్లు పాత చీటీ చూపించి కౌంటర్‌లో చుక్కల మందు పట్టుకుపోవచ్చట.

మా అమ్మాయికి 9 ఏళ్లు. కీళ్లవాతంతో పాటు కళ్లలో యువియైటిస్, అంటే కంటి లోపలి వాపు. ప్రెడ్నిసొలోన్ చుక్కలు వేయకపోతే వాపు తగ్గదు. వేస్తూ పోతే కొందరికి కంటి ప్రెషర్ పెరుగుతుంది, అందులోనూ పిల్లలకి తొందరగా పెరుగుతుంది. ఈ మాట మాకు చెప్పింది మీ డాక్టర్లే. తప్పంతా మందుదీ కాదు. వాపు కణాలు కంట్లో నీరు బయటికి పోయే సన్నటి దారుల్ని పూడ్చేస్తాయి. ఐరిస్ చుట్టూరా లెన్సుకి అతుక్కుపోతే ఆ నీరు ముందుకే రాదు. 10 నుంచి 21 మధ్య ఉండాల్సిన ప్రెషర్ పెరిగి కంటినరం దెబ్బతింటే అదే గ్లాకోమా. అలా పోయిన చూపు ఏ ఆపరేషన్‌తోనూ తిరిగి రాదని మీకు నేను చెప్పాలా?

ఇలాంటి పిల్లల్లో చాలామందికి కన్ను ఎర్రబడదు, నొప్పి పుట్టదు. కొలిస్తే తప్ప తెలియదు. మరి 40 ఏళ్ల నిబంధన వీళ్లకి ఎలా పెట్టారు? ప్రెషర్ చూడకుండా అవే చుక్కలు మళ్లీ ఏ ధైర్యంతో ఇస్తారు? పెరిగితే చుక్కలు తగ్గించాలో, వాపు అణిచే మెథోట్రెక్సేట్ మందు పెంచాలో ఎవరు తేలుస్తారు, కౌంటర్‌లో ఉన్న కుర్రాడా? భయపడి మేమే చుక్కలు మానేస్తే, వాపు తిరగబెడితే ఆ పాపం ఎవరిది? నోటీసు రాసేముందు కంటి డాక్టర్లని ఒక్కమాట అడిగారా?

నెలల తరబడి మూలపడ్డ స్లిట్ ల్యాంప్, కూర్చోడానికి చోటు లేని వరండా, బయట కొనుక్కోమన్న, ప్రెషర్ తగ్గించే టిమొలాల్ చుక్కలు... అవన్నీ ఇప్పుడు తవ్వను. సిబ్బంది చాలరని తెలుసు సార్. వాళ్ల మీద నాకు కోపం లేదు. కానీ కోత పెట్టడానికి మీకు దొరికింది ఇదేనా? రెండు నిమిషాల పరీక్ష!

బుధవారాల సంగతి ఎలా ఉన్నా, చుక్కలు వాడే పిల్లల్ని మాత్రం ఇలా వదిలేయకండి. ఏదో ఒక దారి చూడండి. మీ పిల్లకే ఇలా ఉంటే ఏం చేసేవారో అదే చేయండి.

ఇట్లు,
మీ కంటి ఓపీకి వచ్చే ఒక పాప తండ్రి